రోగికంటె ముందు దొరికిన రోగం

బ్రెజిల్ దేశపు మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో 1907లో ఒక రైలుమార్గం పని ఆగిపోయింది. కొండలు అడ్డుపడి కాదు, డబ్బు చాలక కాదు. పట్టాలు వేసే కూలీలు మలేరియాతో మంచం పట్టారు. ఆ జ్వరాన్ని అదుపులో పెట్టే పని మీద లస్సాన్స్ అనే చిన్న ఊరికి ఒక యువవైద్యుణ్ణి పంపించారు. ఆయన పేరు కార్లోస్ షాగస్. అప్పటికి ముప్ఫై ఏళ్ళయినా నిండలేదు.

లస్సాన్స్‌లో ఆయనకు ఇల్లు లేదు. రైల్వేవారు ఒక పెట్టెను పక్కదారి పట్టాల మీద నిలిపి ఇచ్చారు. అందులోనే పడక, అందులోనే ప్రయోగశాల. పగలు జ్వరరోగులను చూడడం, రాత్రి సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం. ఈ పని ఆయనకు కొత్తది కాదు. 1905లో సావ్ పావ్లో రాష్ట్రంలోని ఇటటింగా వద్ద ఇటువంటి పనే చేసి, మలేరియా ముఖ్యంగా ఇంటి లోపల అంటుకునే జబ్బని, కాబట్టి దోమను ఇంట్లోనే చంపాలని వాదించినవాడాయన. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో చూసింది 1897లో. రక్తం తాగే పురుగు ఎక్కడ కనిపించినా దాని పొట్ట కోసి చూడాలన్న కుతూహలం ఆ తరం వైద్యులందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటే షాగస్‌ను చరిత్రలోకి తీసుకుపోయింది.

లస్సాన్స్ రైలుమార్గం ఇంజనీరు కాంతరీనో మోతా ఒకనాడు ఆయనకు ఒక పురుగును చూపించాడు. నల్లి జాతికి దగ్గరి చుట్టం, కాని బొద్దింకంత పరిమాణం, రెక్కలు కూడా ఉన్నాయి. ఆ ప్రాంతపు పేదల ఇళ్ళు తడికలకు మట్టి మెత్తి కట్టినవి. మట్టి ఎండి నెర్రెలు విచ్చేది. పగలంతా ఈ పురుగులు ఆ నెర్రెలలో దాగివుండి, దీపం ఆర్పగానే గోడలు దిగివచ్చి నిద్రపోతున్నవారి రక్తం తాగేవి. కప్పుకున్న దుప్పటికి బయట ఉండేది ముఖమే కనుక ఎక్కువగా ముఖం మీదే కుట్టేవి. అందుకే జనం దానికి ‘బార్బేరో’ అని, అంటే మంగలి అని పేరు పెట్టారు. కాటు నొప్పి పుట్టదు. నిద్ర చెడదు. అందువల్ల ఆ పురుగును గురించి ఎవరూ ఫిర్యాదు చేసినవారు కాదు.

షాగస్ కొన్ని పురుగులను పట్టి తెచ్చి పొట్ట కోశాడు. వెనుక ప్రేగులో కొరడా వంటి తోకతో కదలాడుతున్న సూక్ష్మజీవులు కనిపించాయి. ఇవి ఆ పురుగుకు మాత్రమే చెందిన జీవులా? లేక ఏదో జంతువు నెత్తుటి నుంచి వచ్చి ఇందులో పెరుగుతున్నవా? తేల్చుకోవాలంటే పురుగుల చేత ఏదైనా జంతువును కుట్టించి చూడాలి. లస్సాన్స్ చుట్టుపక్కల దొరికే చిన్న కోతుల నెత్తురులో అంతకుముందే వేరొక జాతి ట్రిపనోసోమ్‌ను చూసి ఉండడం చేత, అక్కడి కోతులు ఈ పరీక్షకు పనికిరావని ఆయన గ్రహించాడు. పురుగులను రియో డి జనీరోలో తన గురువు ఓస్వాల్డో క్రూజ్‌కు పంపించాడు. క్రూజ్ వాటి చేత మార్మొసెట్ కోతులను కుట్టించాడు. కొన్ని వారాల తరువాత ఒక కోతి జబ్బు పడింది. షాగస్ రియోకు వచ్చి దాని నెత్తురు చూశాడు. అందులో అప్పటివరకు ఎవరూ వర్ణించని ఒక ట్రిపనోసోమ్ ఉన్నది. గురువు పేరు మీదుగా దానికి ‘క్రూజీ’ అని పేరు పెట్టాడు.

ట్రిపనోసోమ్ అనే మాట పాఠకులకు కొత్తగా తోచవచ్చు గాని, ఆ జాతి మన ఉపఖండానికి కొత్త కాదు. గుర్రాలకు, ఒంటెలకు వచ్చే ‘సుర్రా’ జబ్బుకు కారణమైన ట్రిపనోసోమ్‌ను గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు 1880లో నాటి పంజాబులో కనుగొన్నాడు. ఆఫ్రికాలోని అతినిద్ర వ్యాధికి మూలం కూడా ఈ జాతే. కాబట్టి కొత్త ట్రిపనోసోమ్ దొరికిందంటే షాగస్ మనస్సులో కలిగిన ప్రశ్న ఒక్కటే: ఇది కోతిని పడవేసింది, మనిషిని ఏం చేస్తున్నది?

ఆయన పని ఇక్కడ తలక్రిందులుగా నడిచింది. సాధారణంగా ముందు రోగి వస్తాడు, తరువాత రోగం పేరు తెలుస్తుంది, కారణమైన క్రిమి ఎప్పటికో దొరుకుతుంది. షాగస్‌కు పురుగు దొరికింది, పురుగులో క్రిమి దొరికింది, క్రిమి ఏం చేయగలదో కోతిలో తెలిసింది. దొరకనిది రోగి ఒక్కరే. రైలుపెట్టెకు తిరిగివచ్చి ఆయన ఇళ్ళ వెంట తిరిగాడు. మనుషుల నెత్తురు, కుక్కల నెత్తురు, పిల్లుల నెత్తురు అద్దాల మీద పూసి చూశాడు. మొదట ఒక పిల్లిలో ఆ క్రిమి కనిపించింది. ఆ పిల్లి తిరిగే ఇంటి గోడల నిండా బార్బేరోలు.

కొద్దివారాల తరువాత అదే ఇంట్లో ఒక ఆడపిల్లకు జ్వరం వచ్చింది. పేరు బెరెనీస్, వయస్సు రెండేళ్ళు. ముఖం ఉబ్బింది. మెడలోను, చంకలలోను బిళ్ళలు కట్టాయి. కాలేయం, ప్లీహం పెరిగాయి. 1909 ఏప్రిల్ 14న షాగస్ ఆ పాప నెత్తుటిచుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు, ఎర్రకణాల మధ్య వంకరగా మెలికలు తిరుగుతున్న ట్రిపనోసోమ్ కనిపించింది. ఆ నెత్తురు ఎక్కించిన గినీ పందులకూ ఆ జబ్బే వచ్చింది. కొద్దిరోజులలోనే రియోలోని జాతీయ వైద్య అకాడమీలో ఓస్వాల్డో క్రూజ్ ఈ వార్త చదివి వినిపించాడు. వాహకమైన పురుగును, పరాన్నజీవిని, దానికి ఆశ్రయమిచ్చే జంతువును, మనిషిలోని రోగాన్ని ఒకే వ్యక్తి కనిపెట్టడం వైద్యచరిత్రలో చాలా అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఏప్రిల్ 14ను షాగస్ వ్యాధి దినంగా పాటిస్తున్నది.

*

ఇంత చక్కగా మొదలైన కథ ఆ తరువాత పాతికేళ్ళు తడబడింది. ఆ తడబాటులో షాగస్ వంతు కూడా కొంత ఉన్నది.

వెనుక నుంచి ముందుకు నడిచిన పరిశోధనలో ఒక చిక్కు ఉంటుంది. క్రిమి చేతిలో ఉన్నది కనుక, ఆ ఊళ్ళో కనిపించిన ప్రతి జబ్బునూ దానికి అంటగట్టాలనే ఆశ పుడుతుంది. లస్సాన్స్ ప్రాంతంలో గళగండం విపరీతంగా ఉండేది. మెడ వాచినవారు, బుద్ధి ఎదగని పిల్లలు ఇంటింటా కనిపించేవారు. బార్బేరోలు కూడా ఇంటింటా ఉన్నాయి. కాబట్టి ఆ క్రిమి థైరాయిడ్ గ్రంథిని పట్టడం వల్లనే గళగండం వస్తున్నదని షాగస్ నిర్ణయించాడు. ఆహారంలో అయొడిన్ తక్కువ కావడమే అసలు కారణమని తరువాత స్పష్టమైంది. పరాన్నజీవి పురుగు కాటు ద్వారానే ఒంట్లోకి పోతుందని కూడా ఆయన నమ్మాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎమీల్ బ్రుంప్ట్ 1912లో అసలు దారి చూపించాడు. పురుగు రక్తం తాగుతూ తాగుతూనే మలం విడుస్తుంది. క్రిములు ఉండేది ఆ మలంలో. దురద పుట్టి నిద్రలోనే మనిషి గోక్కుంటాడు, లేదా ఆ చేత్తో కన్ను నులుముకుంటాడు. తన రోగానికి తానే తలుపు తీసి ఇస్తాడన్నమాట.

గళగండపు పొరపాటు చాలా ఖరీదైనది. బ్యూనస్ ఐరిస్‌లో రుడాల్ఫ్ క్రౌస్ అనే శాస్త్రజ్ఞుడు 1915 ప్రాంతంలో అర్జెంటీనా పురుగులను పరీక్షించగా వాటిలోనూ ఆ క్రిమి కనిపించింది. కాని అక్కడి జనంలో షాగస్ వర్ణించిన గళగండపు రోగులు కనిపించలేదు. క్రిమి ఉండి రోగం లేకపోతే, ఆ రోగం సంగతే అనుమానించవలసి ఉంటుందని ఆయన వాదించాడు. ఈ మాట బ్రెజిల్‌లో షాగస్ ప్రత్యర్థులకు ఆయుధమైంది. 1922లో అదే వైద్య అకాడమీలో అఫ్రానియో పెషోతో మొదలైనవారు ఆయనను నిలదీశారు. ఈ రోగం లస్సాన్స్ చుట్టుపక్కల కొద్దిమందికి మాత్రమే పరిమితమని, దానిని దేశమంతటి సమస్యగా చూపి లోకం ముందు బ్రెజిల్ పరువు తీస్తున్నాడని ఆరోపించారు. విచారణకు ఒక సంఘం ఏర్పడింది. వాదం 1923 చివరిదాకా సాగింది. సంఘం షాగస్ పక్షమే పలికింది గాని, వినేవారి మనస్సులో అనుమానం మిగిలిపోయింది. ఆయన పేరు నోబెల్ బహుమతికి 1913లోను, 1921లోను సూచింపబడింది. 1921లో వైద్యశాస్త్రంలో ఆ బహుమతి ఎవరికీ ఇవ్వనేలేదు.

పరువు మాటకు ఒక జవాబు మాత్రం చెప్పుకోవాలి. లస్సాన్స్ గుడిసెల గోడలకు నెర్రెలు విచ్చడం షాగస్ తప్పు కాదు. ఆ గోడల మధ్య పడుకునేవారికి అకాడమీలో మాట్లాడే నోరు లేదు. ఆయన 1934 నవంబరులో మరణించేనాటికి, ఆయన పేరు పెట్టుకున్న రోగాన్ని చాలామంది వైద్యులు పుస్తకంలో తప్ప చూడలేదు.

*

రోగులు లేక కాదు. వారిని గుర్తుపట్టే ఉపాయం లేకపోవడమే అసలు కష్టం.

ఈ క్రిమి మనిషి నెత్తుటిలో విరివిగా తిరిగేది మొదటి రెండు నెలలు మాత్రమే. ఆ రెండు నెలల్లోనూ చాలామందికి మామూలు జ్వరం తప్ప ఏమీ ఉండదు. కొందరికి అదీ ఉండదు. తరువాత క్రిమి నెత్తురు విడిచి గుండె కండరంలోను, జీర్ణకోశపు గోడలలోను చేరి, తోక ముడుచుకుని గుండ్రటి రూపంలో కాపురం పెడుతుంది. అప్పుడు ఎన్ని నెత్తుటిచుక్కలు చూసినా దాని జాడ దొరకదు. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు గడిచినాక కొందరికి గుండె పెరిగి లయ తప్పుతుంది. కొందరికి అన్నవాహిక, పెద్దప్రేగు సాగిపోయి ముద్ద దిగదు, విరేచనం కాదు. జనానికి ఈ బాధలు తెలియకపోలేదు. ముద్ద గొంతులో పట్టుకునే జబ్బుకు ‘మాల్ ది ఎంగాస్గో’ అని బ్రెజిల్ పల్లెలలో పేరే ఉన్నది. చిన్ననాటి జ్వరానికీ, నలభయ్యోపడిలో పొలంలో కుప్పకూలడానికీ మధ్య ఉన్న సంబంధం చూపేవారే లేరు.

మొదటి వెలుగు అర్జెంటీనా నుంచి వచ్చింది. ఉత్తరాన హుహుయ్‌లో సాల్వదోర్ మాజ్జా అనే వైద్యుడు ప్రాంతీయ వ్యాధుల అధ్యయనానికి ఒక కేంద్రం నడిపేవాడు. ఆయనకు కూడా ఒక రైలుపెట్టె ఉండేది. దానిని ప్రయోగశాలగా మార్చి ఊరూరా లాగించుకుపోయేవాడు. పల్లెవైద్యులను పోగుచేసి, జ్వరమున్న ప్రతివాడి నెత్తురూ చూడండి అని పట్టుబట్టి నేర్పించాడు. చూసినకొద్దీ రోగులు బయటపడ్డారు. ఆయన బృందం నమోదు చేసిన రోగుల సంఖ్య వెయ్యి దాటింది. లేని రోగమని క్రౌస్ అనుమానించిన దేశంలోనే ఇంతమంది.

మాజ్జా వద్ద పనిచేసిన సెసీలియో రొమాన్యా 1935లో ఒక చిన్న సంగతిని గట్టిగా చెప్పాడు. క్రిమి కంటి ద్వారా ప్రవేశించినప్పుడు ఆ ఒక్క కన్నే వాస్తుంది. రెప్పలు ఉబ్బి ఊదారంగుకు తిరుగుతాయి, నొప్పి అంతగా ఉండదు, చెవి ముందు బిళ్ళ కడుతుంది. సూక్ష్మదర్శిని లేని పల్లెవైద్యుడు కూడా గడపలో నిలబడి పట్టుకోగల గుర్తు ఇది. బ్రెజిల్ నుంచి ఇమాన్యువల్ డయాస్, షాగస్ కుమారుడు ఎవాండ్రో దీనికి ‘రొమాన్యా చిహ్నం’ అని పేరు పెట్టాలన్నారు. మాజ్జాకు అది మింగుడుపడలేదు. తాను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదానికి శిష్యుని పేరా అని కోపించాడు. గురుశిష్యుల పొత్తు అంతటితో చెడింది. పేరు మాత్రం నిలిచింది, పిల్లల కళ్ళను చూసి రోగం చెప్పడం ఖండమంతటా వ్యాపించింది.

గుండె సంగతి తేల్చినది బంబుయీ. మినాస్ జెరాయిస్‌లోనే ఉన్న ఈ చిన్న పట్టణంలో ఓస్వాల్డో క్రూజ్ సంస్థ 1943లో ఒక కేంద్రం తెరిచి డయాస్‌కు అప్పగించింది. ఫ్రాన్సిస్కో లరాంజా అనే హృద్రోగ వైద్యుడు ఆయనతో కలిశాడు. వీరు రోగం కోసం ఎదురుచూడలేదు. ఊళ్ళోవాళ్ళ నెత్తురు తీసి ప్రతిరక్షకాలకు పరీక్ష చేశారు. వారి గుండెకు ఎలక్ట్రోకార్డియోగ్రామ్ తీశారు. ప్రతిరక్షకాలు ఉన్నవారి కాగితాల మీద గీత ఒక ప్రత్యేకరీతిలో చెడి కనిపించింది. గుండె కుడివైపు గదికి సంకేతం తీసుకుపోయే దారి మూసుకుపోయినట్టు తెలిపే గీత అది. పనిచేస్తూ చేస్తూ ఉన్నట్టుండి పడి చనిపోయే పల్లెకూలీ ఏ జబ్బుతో పోయాడో అప్పటికి తెలిసింది. షాగస్ పుస్తకంలో గళగండాన్ని కొట్టివేసి, ఆ స్థానంలో గుండెను రాయవలసి వచ్చింది. ఆ తరువాత రిబెరావ్ ప్రేతో నగరంలో ఫ్రిట్జ్ కొబర్లే అనే శవపరీక్షా నిపుణుడు అన్నవాహిక గోడలోని నాడీకణాలను ఓపికగా లెక్కపెట్టి, అవి నశించడం వల్లనే ముద్ద దిగకుండా పోతున్నదని చూపించాడు.

బంబుయీలో చికిత్స లేదు. ఇచ్చేందుకు మందే లేదు. అందుచేత డయాస్ గోడల మీద పడ్డాడు. పురుగుల మీద అనేక ఉపాయాలు ప్రయోగించి చూశాడు. మలేరియా దోమ మీద పనిచేసిన డి.డి.టి. ఈ పురుగు మీద పనిచేయలేదు. బి.హెచ్.సి. పనిచేసింది. ఒకప్పుడు మన ఇళ్ళలో చీమలకు, నల్లులకు ‘గమాక్సిన్ పొడి’ అని చల్లినది ఆ జాతి మందే. 1950 నుంచి బ్రెజిల్‌లో ఇంటింటా మందు చల్లడం మొదలైంది. దశాబ్దాలు పట్టింది. ఇళ్ళలో కాపురముండే ముఖ్యమైన పురుగుజాతి ద్వారా రోగం సోకడం ఆగిపోయిందని ఉరుగ్వేకు 1997లో, చిలీకి 1999లో, బ్రెజిల్‌కు 2006లో ధ్రువీకరణ లభించింది.

*

దీర్ఘకాలపు రోగిలో దాగిన క్రిమిని బయటికి లాగడానికి బ్రుంప్టే 1914లో ఒక విచిత్రమైన పరీక్ష చెప్పాడు. ప్రయోగశాలలో గ్రుడ్లనుంచి పెంచిన శుభ్రమైన పురుగులను చిన్న డబ్బీలో పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టి రోగి చేతికి ఆనిస్తారు. అవి కడుపునిండా తాగుతాయి. నెల గడిచాక వాటి ప్రేగులు పరీక్షిస్తారు. రోగి నెత్తుటిలో నాలుగు క్రిములున్నా పురుగు కడుపులో అవి వేలుగా పెరుగుతాయి. మనిషి సూక్ష్మదర్శినికి అందని దానిని పురుగు చేత వెదికించడమన్నమాట. అసహ్యంగా తోచినా, చాలాకాలం ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యం లేకపోయింది.

ఈ పరీక్షను 1960 దశాబ్దం తొలినాళ్ళలో ఒక యాభై దాటిన స్త్రీకి చేశారు. ఆమె బెరెనీస్. 1909లో జ్వరంతో షాగస్ కంటబడిన పసిపాప. వైద్యులు వెదికి పట్టుకున్నారు. గుండె బాగానే ఉన్నది, ముద్ద బాగానే దిగుతున్నది. పురుగులు మాత్రం ఆమె చేతినుంచి క్రిములు తెచ్చి చూపించాయి. 1978లో, డెబ్భై ఒకటవ ఏట మరల పరీక్షించారు. మరల క్రిములున్నాయి. రోగం పేరుకు కారణమైన మొదటి మనిషి జీవితాంతం ఆ క్రిమిని మోస్తూ, దానివల్ల ఏ బాధా పడలేదు.

వైద్యులను ఇప్పటికీ వేధిస్తున్న చిక్కు ఇదే. క్రిమి సోకినవారిలో దాదాపు మూడింట ఒకవంతుకు గుండె జబ్బు వస్తుంది. తక్కినవారిలో ఎక్కువమంది బెరెనీస్‌లాగే గడుపుతారు. ఎవరు ఏ వైపు పోతారో ముందుగా చెప్పే పరీక్ష లేదు. బాగున్న మనిషికి, బాధపెట్టే మందు ఇవ్వడమా, మానడమా?

మందులు రెండున్నాయి. నిఫుర్టిమాక్స్ 1960ల చివర, బెంజ్నిడజోల్ 1970ల తొలినాళ్ళలో వచ్చాయి. అంతకంటె మెరుగైనది నేటికీ రాలేదు. రెండు నెలలు మింగాలి. ఒంటినిండా దద్దుర్లు, వికారం, కాళ్ళు చేతుల తిమ్మిరి కలగవచ్చు. కొందరు మధ్యలోనే మానేస్తారు. కొత్తగా సోకినవారిలో, ముఖ్యంగా తల్లి నుంచి సోకిన ఏడాదిలోపు పసిబిడ్డలలో, ఫలితం అద్భుతం: దాదాపు అందరూ నయమవుతారు. పాతరోగుల విషయంలో మాత్రం చాలాకాలం వైద్యులు చేతులు ముడుచుకున్నారు. గుండెను పాడుచేస్తున్నది క్రిమి కాదని, శరీరం తన కండరం మీద తానే చేస్తున్న దాడి అని ఒక వాదం బలంగా ఉండేది. అదే నిజమైతే క్రిమిని చంపి ప్రయోజనమేమిటి?

ఆ వాదానికి మొదటి దెబ్బ 1996లో తగిలింది. బ్రెజిల్‌లోని గోయాస్ రాష్ట్రంలో అనా లూసియా ద అంద్రాజ్ బృందం ఏడునుంచి పన్నెండేళ్ళ బడిపిల్లలను పరీక్షించింది. వారికి జబ్బు లక్షణాలేవీ లేవు. నెత్తుటిలో ప్రతిరక్షకాలు మాత్రం ఉన్నాయి. సగంమందికి అరవై రోజులు బెంజ్నిడజోల్, సగంమందికి అటువంటిదే మందులేని బిళ్ళ. మూడేళ్ళ తరువాత మందు మింగినవారిలో నూటికి 58 మంది నెత్తుటిలో ప్రతిరక్షకాలు మాయమయ్యాయి. మింగనివారిలో నూటికి అయిదుగురికే. పాతరోగం కూడా కదులుతుందని తేలింది, వయస్సు చిన్నదైతే.

పెద్దల సంగతి అంత సంతోషకరం కాదు. అప్పటికే గుండె చెడిన 2,854 మంది మీద అనేక దేశాలలో జరిపిన పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మందు వల్ల నెత్తుటిలో క్రిములు తగ్గిన మాట నిజం. కాని అయిదేళ్ళపాటు గమనించగా గుండె జబ్బు ముదరడం ఆగలేదు: మందు మింగినవారిలో నూటికి 27.5 మందికి, మింగనివారిలో 29.1 మందికి జబ్బు ముదిరింది. తేడా లేనట్టే. గోడ కాలిపోయాక దీపం ఆర్పినా కాలిన గోడ తిరిగి రాదు. ఆ దశలో వైద్యుడు చేయగలిగినది పేస్‌మేకర్ అమర్చడం, గుండెమందులు ఇవ్వడం, కొందరికి గుండె మార్చడం.

కాబట్టి చికిత్స కథంతా తిరిగి తిరిగి రోగనిర్ధారణ దగ్గరికే వస్తుంది. మందు పనిచేసే వయస్సులో మనిషికి బాధ లేదు. బాధతో వచ్చే వయస్సులో మందు పనిచేయదు. రోగి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. షాగస్ చేసినట్టే ఇళ్ళ వెంట తిరిగి వెదకవలసిందే. ఇప్పుడు నెత్తుటిలోని ప్రతిరక్షకాలను వేరువేరు పద్ధతుల రెండు పరీక్షలతో నిర్ధారిస్తున్నారు. గర్భం రాకముందే చికిత్స పొందిన స్త్రీల బిడ్డలకు ఈ రోగం దాదాపుగా సోకడం లేదని అర్జెంటీనా అనుభవం చెబుతున్నది. బొలీవియాలో జరిపిన ఒక పరీక్షలో రెండు నెలలకు బదులు రెండు వారాల మందుకే క్రిములు నెత్తుటిలో కనిపించకుండా పోవడం 2021లో ప్రకటితమై ఆశ కలిగించింది. నయమైందని తెలుసుకోవడం మాత్రం ఇంకా కష్టమే. పెద్దవారిలో ప్రతిరక్షకాలు మాయం కావడానికి పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పట్టవచ్చు. మందు మింగినవాడు నయమైనదీ లేనిదీ తెలియకుండానే ముసలివాడవుతాడు.

పురుగు పోయినా రోగం వేరే దారులు వెదుక్కున్నది. రక్తదానం ద్వారా సోకుతున్నదని తెలిసి, 1950లలో సావ్ పావ్లోలో సీసాలలోని నెత్తుటిలో జెన్షియన్ వయొలెట్ కలిపేవారు. క్రిములు చచ్చేవి, నెత్తురు ఊదారంగుకు తిరిగేది. 2005లో బ్రెజిల్‌లోని శాంతా కతరీనాలో చెరకురసం తాగినవారికి, 2007లో వెనిజులా రాజధాని కరాకస్‌లో ఒక బడిలో జామరసం తాగిన నూరుమందికి పైగా పిల్లలకు, ఉపాధ్యాయులకు ఈ జబ్బు సోకింది. పండ్లతోపాటు పురుగో దాని మలమో రసంలో పడిందన్నమాట. బ్రతుకుతెరువుకు వలసపోయినవారి వెంట అది స్పెయిన్‌కూ, అమెరికా సంయుక్త రాష్ట్రాలకూ చేరింది. అక్కడి వైద్యులకు ఆ పేరే పరాయిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఈ క్రిమిని మోస్తున్నవారు డెబ్భై లక్షలమంది ఉంటారు; ఆ సంగతి తెలిసినవారు వారిలో నూటికి పదిమంది కూడా లేరు.

మన దేశానికి ఈ ప్రమాదం ఉన్నదా అని పాఠకులకు సందేహం రావడం సహజం. ఆ కుటుంబానికి చెందిన ఒక పురుగు మన రేవు ప్రాంతాలలోనూ కనిపిస్తుంది. దానిలో క్రూజీ క్రిమి లేదు. అయితే సుర్రా జాతి ట్రిపనోసోమ్ మహారాష్ట్రలో ఒక రైతుకు సోకినట్టు 2004లో బయటపడినప్పుడు శాస్త్రజ్ఞులు ఉలికిపడ్డారు. పశువులను తప్ప మనుషులను పట్టదని అనుకున్న క్రిమి అది. ఆ రైతు నెత్తుటిలో, ఇటువంటి క్రిములను చంపే ఒక ప్రొటీను పుట్టుకతోనే లోపించిందని తేలింది. మందు ఇవ్వగా నయమైంది.

బెరెనీస్ ఒంట్లోనుంచి రెండుసార్లు తీసిన క్రిములను శాస్త్రజ్ఞులు పారవేయలేదు. ‘బెరెనీస్-62’, ‘బెరెనీస్-78’ అనే పేర్లతో వాటి సంతానాన్ని బ్రెజిల్‌లోని ప్రయోగశాలలలో పెంచుతూ, మందుల ప్రభావాన్ని వాటి మీద పరీక్షిస్తూ వచ్చారు.